తడిక అవతల నా పిల్లలు

ఒక వాక్యం చాలా ఏళ్ళుగా నా దగ్గరే ఉండిపోయింది. పెద్ద వాక్యమేం కాదు. మూడో క్లాసు పిల్లవాడు కూడా తడుముకోకుండా చదివేస్తాడు. ఒకరోజు ఒక పెద్దమనిషి ముందు లేచి నిలబడి అనాల్సిన మాట అది. అనలేదు. ఆ తరవాత అనడానికి ఎన్నో సందర్భాలు వచ్చాయి. వచ్చినప్పుడల్లా బడి గంట కొట్టేవారు, లేదా బస్సు వచ్చేది, లేదా ఎవరో పిలిచేవారు. చెప్పకుండా ఉండాలనుకునే మనిషి కారణాల కోసం వెతుక్కోనక్కర్లేదు. అవే వచ్చి నిలబడతాయి.

నా భార్యకి చెప్పలేదు. తోటి మేష్టర్లకి చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు కాబట్టి మీకు చెబుతున్నాను. నా పేరు చెప్పను, మన్నించండి. ఆ మాత్రం పిరికితనం ఇంకా మిగిలే ఉంది. మీరు నన్ను ఓదార్చాలని కూడా కాదు. నేను చేసింది ఎవరి పట్ల చేశానో ఆ మనిషి మీరు కారు. వినండి చాలు.

నేను బడిపంతుల్ని. మంచి పంతుల్నని పేరుంది. ఇప్పటికీ బజార్లో నన్ను చూసి మోటారు సైకిలు ఆపి దిగే వాళ్ళున్నారు. "సార్ దగ్గర లెక్కలు నేర్చుకుంటే ఇక మర్చిపోరు" అనే తల్లిదండ్రులున్నారు. ఆ పేరు గురించే ఈ గొడవంతా.

మాది ఉయ్యూరు అవతల పల్లె. వ్యవసాయం. అన్నదమ్ముల్లో నాకొక్కడికే చదువు అంటిందని నాన్న నన్ను సెకండరీ గ్రేడ్ ట్రైనింగులో చేర్పించాడు. అది పూర్తి చేసి బెజవాడలో ఉద్యోగంలో చేరాను. డెబ్భైలు అవి. గవర్నర్‌పేట వెనక సందుల్లో ఒక ఎయిడెడ్ ఎలిమెంటరీ స్కూలు. బడి కోసం కట్టిన ఇల్లు కాదు, ఒకప్పుడు బెల్లం గోడౌను. బెల్లం వెళ్ళిపోయి ఎన్నాళ్ళయిందో గానీ చీమలకి మాత్రం ఆ సంగతి తెలియలేదు. గోడల వెంబడి బారులు తీరి వస్తూనే ఉండేవి. పెద్ద హాలుని వెదురు తడికలతో గదులుగా విడగొట్టారు. ఐదో తరగతి ఏ సెక్షను నాది. తడిక అవతల బి సెక్షను మార్తమ్మ గారిది.

మార్తమ్మ గారు గుణదల నుంచి వచ్చేవారు. నలభై ఏళ్ళుంటాయేమో. సన్న అంచు నేత చీర, చేతిలో గుడ్డసంచి. పెళ్ళి చేసుకోలేదు. పక్షవాతం వచ్చి మంచం పట్టిన తల్లి ఉంది ఇంట్లో. ఆవిడకి ఒళ్ళు తుడిచి, అన్నం తినిపించి, పక్కింటివాళ్ళకి అప్పజెప్పి బడికి వచ్చేవారు. ఎంత హడావిడిగా వచ్చినా క్లాసులోకి వెళ్ళే ముందు గడప దగ్గర ఒక్క క్షణం నిలబడి చెమట తుడుచుకుని లోపలికి వెళ్ళేవారు. పిల్లలు తనని ఆయాసంతో చూడకూడదని కాబోలు. అప్పుడు నాకది తోచలేదు. అప్పుడు నాకు చాలా సంగతులు తోచలేదు.

నేనెట్లా చెప్పేవాణ్ణో కూడా చెప్పాలి. మా ఊళ్ళో నాకు చదువు చెప్పిన పంతులుగారి చేతిలో ఈతబెత్తం ఉండేది. లెక్క తప్పితే చెయ్యి చాపాలి. రెండోసారి తప్పితే గోడకుర్చీ. ట్రైనింగులో నేను బోధనా పద్ధతుల మీద పరీక్ష రాశాను, మంచి మార్కులు తెచ్చుకున్నాను. తీరా క్లాసులో అడుగు పెట్టేసరికి మా పంతులుగారే నా ఒంట్లోకి వచ్చేశారు. అదే గొంతు, అదే బెత్తం. నేను అడిగే ప్రశ్నకి చెయ్యెత్తేవాళ్ళు క్లాసులో నలుగురైదుగురు. వాళ్ళతోనే పాఠం నడిచిపోయేది. మిగతావాళ్ళు తలలు దించుకుని కూర్చునేవాళ్ళు. నా క్లాసు చాలా నిశ్శబ్దంగా ఉండేది. ఆ నిశ్శబ్దాన్ని చూసి నేను గర్వపడేవాణ్ణి, ఖర్మ.

మార్తమ్మ గారి క్లాసు అట్లా ఉండేది కాదు. తడికలోంచి అంతా వినబడేది. ఏ పిల్లవాడు ఏ జవాబు చెప్పినా ఆవిడ ఒకటే మాట అనేవారు. "ఎట్లా వచ్చిందమ్మా అది?" జవాబు ఒప్పయినా అదే, తప్పయినా అదే. దాంతో పిల్లలు తమకి ఎట్లా వచ్చిందో చెప్పడం మొదలుపెట్టేవాళ్ళు, మధ్యలో ఇంకొకడు కాదనేవాడు, గోల. ఇంకొక అలవాటు ఉండేది ఆవిడకి. లెక్క అందరికంటే ఆఖరున ఎవరికి అర్థమైందో వాళ్ళనే బోర్డు దగ్గరికి పిలిచి మిగతావాళ్ళకి చెప్పించేవారు. ముందు అర్థమైన వాణ్ణి కాదు. ఆఖరివాణ్ణి. ఇదేం పద్ధతి అనుకునేవాణ్ణి నేను. ఆఖరున అర్థమైనవాడికే దారిలో రాయి ఎక్కడుందో బాగా గుర్తుంటుందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఒకరోజు స్టాఫ్ రూములో అందరి ముందూ అన్నాను, "మార్తమ్మ గారూ, మీ క్లాసు సంతలాగా ఉందండీ" అని. అందరూ నవ్వారు. ఆవిడా నవ్వారు. "సంతలో కూడా లెక్కలేగా అండీ చేసేది" అన్నారు. ఆ రోజు నేనే గెలిచాననుకున్నాను.

నాది టెంపరరీ పోస్టు. బడి నడిపే కరస్పాండెంటు గారు ముందే చెప్పారు, ఇన్‌స్పెక్షను రిపోర్టు బాగుంటే పర్మనెంటు చేస్తామని. బాగుండకపోతే ఏం చేస్తారో చెప్పలేదు, చెప్పనక్కర్లేదు. నేనేమో ఇంటికెళ్ళినప్పుడు నాన్నతో ఇక పర్మనెంటు అయిపోయినట్టే అనేశాను. ఆయన వెళ్ళి ఊరంతా చెప్పుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు గారు ఫలానా రోజు మధ్యాహ్నం వస్తారని కబురు. ఆ ఉదయం మార్తమ్మ గారు బడికి రాగానే నా దగ్గరికి వచ్చారు. రాత్రి నుంచీ వాళ్ళమ్మకి బాగాలేదు, ఆస్పత్రిలో చూపించి గంటలో వచ్చేస్తాను, హెడ్మాస్టరు గారు పర్మిషన్ ఇచ్చారు, కాస్త మా పిల్లల్ని కూడా చూస్తారా అని అడిగారు. చూస్తానన్నాను. ఎవరైనా అంటారు. ఆవిడ పిల్లల్ని నా గదిలోకి పిలిచి అందరినీ కలిపి కూర్చోబెట్టి ఎక్కాలు చెప్పిస్తున్నాను.

అంతలో ప్యూను పరిగెత్తుకొచ్చాడు. ఇన్‌స్పెక్టరు గారు ముందే వచ్చేశారు. హెడ్మాస్టరు గారి గదిలో కాఫీ తాగుతున్నారు. పిల్లల్ని ఎవరి గదుల్లో వాళ్ళని కూర్చోబెట్టమని హెడ్మాస్టరు గారు చెప్పారట.

ఇక్కడికి వచ్చేసరికి నా కలం ఎప్పుడూ ఆగిపోతుంది. ఇదివరకు కూడా ఒకటి రెండుసార్లు రాయబోయాను. ఇక్కడే ఆపి చించేశాను.

పిల్లల్ని లేపి నిలబెట్టాను. "నువ్వు అటు వెళ్ళు. నువ్వు ఇక్కడే ఉండు. నువ్వు అటు." వేలితో చూపించడం మొదలుపెట్టాను. మొదట ఒకరిద్దర్ని మార్చాను. తరవాత ఆగలేదు. మార్తమ్మ గారి పిల్లల్లో బాగా మాట్లాడేవాళ్ళనీ, లెక్క చెప్పి ఎట్లా వచ్చిందో కూడా చెప్పేవాళ్ళనీ నా గదిలో ఉంచుకున్నాను. వాళ్ళెవరో నాకెట్లా తెలుసు? రోజూ తడికలోంచి వింటున్నాను కదా, గొంతులన్నీ తెలుసు. నా పిల్లల్లో తల దించుకునేవాళ్ళని ఏరి ఏరి ఆవిడ గదిలోకి పంపాను. అటు ఎంతమంది వెళ్ళారో ఇటు అంతమందే మిగలాలి, హాజరు లెక్క చూస్తారు కాబట్టి. ఆ తెలివి మాత్రం ఉంది నాకు. పిల్లలు ఏమీ అడగలేదు. పంతులు గారు అటు వెళ్ళమంటే అటు వెళ్ళారు.

కంగారులో నా చెయ్యి దానంతటదే అట్లా చూపించిందని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది కూడా అబద్ధమే. కంగారు పడ్డ చెయ్యి అంత చక్కగా ఏరదు. ఇంకొక ప్రశ్న కూడా ఉంది. తడిక అవతల ఉన్నది మార్తమ్మ గారు కాకుండా, గుణదల నుంచి వచ్చే ఒంటరి ఆడమనిషి కాకుండా, మా వాళ్ళెవరైనా, వెనక పదిమంది బంధువులున్న మగమేష్టరైనా అయితే ఆ పని చేసి ఉండేవాణ్ణా? ఆ ప్రశ్నకి తిన్నగా జవాబు చెప్పుకోవడానికి నాకు ఇష్టం లేదు. ఇష్టం లేదంటేనే మీకు అర్థమై ఉంటుంది.

ఇన్‌స్పెక్టరు గారు ముందు నా గదికి వచ్చారు. నేను భిన్నాల మీద ఒక లెక్క ఇచ్చాను. ఒక అమ్మాయి లేచి జవాబు చెప్పింది. చెప్పి కూర్చోలేదు. నేను ఏదో అడుగుతానని నా వంక చూస్తూ నిలబడింది. ఏం అడగాలో నాకు తెలుసు, రోజూ వింటున్న మాటే, కానీ నోటికి రాలేదు. నేను అడక్కపోయేసరికి ఆ పిల్లే చెప్పడం మొదలుపెట్టింది, తనకి ఆ జవాబు ఎట్లా వచ్చిందో. పక్కనున్నవాడు ఇంకొక దారిలో కూడా వస్తుందన్నాడు. ఇన్‌స్పెక్టరు గారు కుర్చీలో ముందుకి జరిగారు. ఆయనకి ముచ్చటేసింది. వెళ్ళేటప్పుడు నా భుజం తట్టారు. ఆ తట్టిన చోటు నాకు ఇప్పటికీ తెలుసు.

అప్పటికి మార్తమ్మ గారు వచ్చేశారు. ఆయన వెనకే ఆవిడ గదిలోకి అడుగు పెట్టడం నేను గుమ్మంలోంచి చూశాను. గడప దగ్గర ఆగి చెమట తుడుచుకున్నారు. పిల్లల వంక చూశారు. ఇటు నా గది వంక చూశారు. మా ఇద్దరి చూపులూ కలిశాయి. ఆ క్షణంలో నేను నోరు తెరిచి ఉండాల్సింది. "సార్, చిన్న పొరపాటు జరిగింది" అంటే అయిపోయేది, నవ్వేసేవాళ్ళు. నేను బోర్డు వైపు తిరిగి లెక్క తుడుస్తూ నిలబడ్డాను.

మిగిలిందంతా తడికలోంచి విన్నాను.

ఇన్‌స్పెక్టరు గారు అడిగారు, మూడో వంతు పెద్దదా నాలుగో వంతు పెద్దదా అని. నాలుగో వంతే అన్నారు పిల్లలు. మూడు కంటే నాలుగు పెద్దది కదా మరి. నేను చెప్పిన చదువు అది. ఆయన విసుగ్గా ఏదో అన్నారు. అప్పుడు మార్తమ్మ గారి గొంతు వినబడింది. తొందర లేదు అందులో, ఏడుపు లేదు. "ఎట్లా వచ్చిందమ్మా అది?" అని అడిగారు. ఎవరూ పలకలేదు. నా పిల్లల్ని అంతకుముందు ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. దెబ్బ పడుతుందేమోనని చూస్తూ కూర్చుని ఉంటారు. ఆవిడ ఒకణ్ణి పేరు అడిగారు. సాంబయ్య అన్నాడు. వాడు నా క్లాసులో రోజూ గోడకుర్చీ వేసేవాడు. ఇన్‌స్పెక్టరు గారి ఎదురుగా క్లాసు టీచరు తన పిల్లవాణ్ణి పేరు అడుగుతోంది. ఆయనకి ఎంత ఘోరంగా కనబడి ఉంటుందో ఆలోచించండి. ఆవిడకి తెలియదా ఆ సంగతి? తెలిసే అడిగారు. పేరు తెలియకుండా పిల్లవాడికి పాఠం చెప్పడం ఆవిడకి రాదు.

"సాంబయ్యా, మీరు ఎంతమందమ్మా అన్నదమ్ములు?"

ముగ్గురమన్నాడు. మీ అమ్మ ఒక్క రొట్టె చేసి ముగ్గురికీ సమానంగా పెడితే నీకెంత వస్తుంది అని అడిగారు. ఇంకో తమ్ముడు పుట్టి నలుగురయ్యారు, రొట్టె మాత్రం అదే, ఇప్పుడు నీ ముక్క పెరుగుతుందా తరుగుతుందా అన్నారు. చాలాసేపు ఏమీ వినబడలేదు. ఆవిడ ఆగారు. ఇన్‌స్పెక్టరు గారు దగ్గారు, కుర్చీ జరిపారు, అయినా ఆవిడ ఆగే ఉన్నారు. నేనైతే ఆపాటికి జవాబు నేనే చెప్పేసి ఉండేవాణ్ణి. చివరికి సాంబయ్య గొంతు లేచింది. "తరుగుద్దండీ. అయితే నాలుగో వంతే చిన్నదండీ." వాడి గొంతు అంత గట్టిగా ఉంటుందని నాకు తెలియదు. అన్ని నెలలూ నా ఎదురుగా కూర్చున్నాడు, నేనెప్పుడూ వినలేదు.

ఇన్‌స్పెక్టరు గారు అప్పటికే లేచి వెళ్ళిపోతున్నారు.

నన్ను పర్మనెంటు చేశారు. మార్తమ్మ గారికి పిల్లల పేర్లు కూడా తెలియవనీ, ఐదో తరగతికి వచ్చినా వాళ్ళకి వంతులు కూడా రావనీ ఇన్‌స్పెక్టరు గారు గట్టిగా రాశారట. అదే మేనేజిమెంటుకి అవనిగడ్డ దగ్గర పల్లెలో ఇంకొక బడి ఉండేది. ఆవిడని అక్కడికి వేశారు. మంచంలో ఉన్న తల్లిని తీసుకుని, ఆస్పత్రి ఉన్న ఊరు వదిలి ఆవిడ వెళ్ళాలి.

వెళ్ళే ముందురోజు తన వస్తువులు తీసుకోవడానికి సాయంత్రం బడికి వచ్చారు. పిల్లలు వెళ్ళిపోయారు. తప్పించుకుందామనుకున్నాను, కానీ కాళ్ళు ఆవిడ గదిలోకే నడిచాయి. ఆవిడ గుడ్డసంచిలో సుద్దముక్కలు సర్దుకుంటున్నారు. క్షమించమని అడగాలని వెళ్ళిన నేను ఏమడిగానో చూడండి. ఆవిడనే తప్పు పట్టినట్టు అడిగాను.

"మీరు ఇన్‌స్పెక్టరు గారితో చెప్పేయొచ్చుగా అండీ, వాళ్ళు మీ పిల్లలు కారని?"

ఆవిడ సంచి కింద పెట్టారు.

"ఎట్లా చెప్తానండీ? వాళ్ళు నా ఎదురుగా కూర్చుని వింటున్నారుగా. వీళ్ళు నా పిల్లలు కారు, నా పిల్లలకి అన్నీ వచ్చు అంటే, వాళ్ళకి ఏం అర్థమవుద్ది?"

అయినా నేను ఊరుకోలేదు. "తరవాతైనా చెప్పొచ్చు. కరస్పాండెంటు గారితో. అక్కడ పిల్లలు లేరుగా."

"తరవాత చెప్పాల్సింది నేను కాదుగా అండీ."

కోపంగా అనలేదు. పాఠంలో ఒక మాట సరిచేసినట్టు అన్నారు. తరవాత సంచి భుజానికి తగిలించుకుని, ఏదో గుర్తొచ్చినట్టు ఆగారు. "సాంబయ్యకి నాలుగో వంతు అర్థమైందండీ. భిన్నాలు కూడేటప్పుడు మళ్ళీ చిక్కు పడతాడు. తొందరపెట్టకండి, వస్తాడు. మంచి పిల్లవాడు." అని చెప్పి వెళ్ళిపోయారు. నన్ను ఒక్క మాట అనలేదు. తన పిల్లల్ని నాకు అప్పజెప్పి వెళ్ళారు. నా పిల్లల్ని కూడా నాకు అప్పజెప్పి వెళ్ళారు.

ఏడాది మధ్యలో కొత్త టీచర్ని వెయ్యలేక, రెండు సెక్షన్లూ కలిపి నాకే ఇచ్చారు. తడిక తీసేశారు. మొదట్లో నేను పాతపద్ధతిలోనే చెప్పాను. మార్తమ్మ గారి పిల్లలు నిశ్శబ్దంగా కూర్చునేవాళ్ళు, కానీ వాళ్ళ నిశ్శబ్దం వేరు. ఎవరి కోసమో చూస్తున్నట్టు ఉండేది. ఇన్‌స్పెక్టరు గారి ముందు లేచి చెప్పిన ఆ అమ్మాయే ఒకరోజు ఒక లెక్క తప్పు చేసింది. నేను బెత్తం తీశాను. ఆ పిల్ల చెయ్యి చాపింది. చాపి, నా మొహంలోకి చూసి అడిగింది, "ముందు ఎట్లా వచ్చిందో చెప్పనాండీ?"

బెత్తం బల్ల మీద పెట్టేశాను. ఆ రోజు పాఠం ముందుకి సాగలేదు. ఆ పిల్ల చెబుతూ పోయింది, ఎక్కడ తప్పిందో తనే పట్టుకుంది, కూర్చుంది. నేను ట్రైనింగులో రెండేళ్ళు కూర్చుని నేర్చుకోనిది ఆ పూట నేర్చుకున్నాను. ఆ తరవాత నుంచి వాళ్ళే నాకు పాఠం చెప్పారంటే నమ్మండి. నేను తొందరపడితే "ఆగాలండీ" అనేవాళ్ళు. ముందు అర్థమైనవాణ్ణి బోర్డు దగ్గరికి పిలిస్తే "ఆఖరివాణ్ణి పిలవాలండీ" అనేవాళ్ళు. మార్తమ్మ గారు ఊరు వదిలి వెళ్ళిపోయినా, ఆవిడ చెప్పే తీరు ఆ పిల్లల్లో చెక్కుచెదరకుండా ఉంది. అన్యాయం చేసినవాడికి అంత సంపద ఎందుకు దక్కాలో నాకు తెలియదు. దక్కింది. దాని మీదే నా ఉద్యోగమంతా బతికాను. నేను మంచి పంతుల్నయితే, ఆ మంచి అంతా ఆవిడదే. అందుకు ఆవిడకి నేను రుణపడ్డాను.

రుణపడినవాడు ఏం చెయ్యాలి? వెళ్ళి చెప్పాలి. నేను కరస్పాండెంటు గారి గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చాను. వచ్చే ఏడు చెబుదాం అనుకున్నాను. తరవాత పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, ఇప్పుడు చెబితే వీళ్ళ బతుకేమిటి అనుకున్నాను. ఫిబ్రవరిలో గుణదల మేరీమాత తిరునాళ్ళకి ఆవిడ వస్తారేమోనని ఒక ఏడు వెళ్ళాను. జనంలో కనబడ్డారు. జుట్టు నెరిసింది. పక్కన ఎవరి పిల్లలో ఇద్దరున్నారు, వాళ్ళకేదో చూపిస్తూ, వాళ్ళు చెప్పేది తల వంచి వింటూ కొండ మెట్లెక్కుతున్నారు. నేను కొవ్వొత్తుల కొట్టు వెనక్కి తప్పుకున్నాను. ఆవిడని చూడాలని వెళ్ళినవాణ్ణి, ఆవిడ నన్ను చూడకూడదని దాక్కున్నాను. ఆ తరవాత మళ్ళీ చూడలేదు. పోయారని చాలా ఏళ్ళకి విన్నాను.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. నా రిటైర్మెంటు సభ దాకా.

ఆ రోజు పాత విద్యార్థులు చాలామంది వచ్చారు. దండలు, శాలువాలు. చివర్లో ఒకాయన స్టేజి ఎక్కాడు. బట్టతల, తెల్ల చొక్కా, చేతికి ఉంగరాలు. గుర్తుపట్టలేదు. "సాంబయ్యనండీ" అన్నాడు. లారీలకి బాడీలు కట్టే షెడ్డు పెట్టుకున్నాడట, పాతికమంది పని చేస్తారట. ఉన్నట్టుండి వంగి నా కాళ్ళకి దండం పెట్టాడు. మైకు పట్టుకుని మాట్లాడటం రాదని చెప్పి, నా చెవి దగ్గరికి వంగి మెల్లగా అన్నాడు.

"ఇన్‌స్పెక్టరు గారు వచ్చిన రోజు గుర్తుందా సార్? నన్ను మార్తమ్మ టీచరు గారి గదిలోకి పంపించారు. లెక్కంటే భయం ఆ రోజుతో పోయింది సార్ నాకు. మీరు అంతమందిలోంచీ నన్ను ఏరి మరీ పంపించారు. మా ఇంట్లో కూడా నాకోసం ఎవరూ అట్లా ఏరి చేసింది లేదు."

ఇన్నేళ్ళూ వాడు ఆ రోజుని అట్లా దాచుకున్నాడు. వాడి బాగు కోరి నేను పంపించానని. నేనేమన్నాను? వాడి తల మీద చెయ్యి పెట్టి దీవించాను. జనం చప్పట్లు కొట్టారు. ఏరిన చెయ్యి కూడా అదే. చేసిన తప్పుకి తిట్లు పడితే ఎట్లాగో భరించవచ్చు. దండం పెడితే ఏం చేస్తారు? వాడికి నిజం చెబితే వాడి దగ్గరున్న ఆ ఒక్కటీ లాక్కున్నట్టే. చెప్పకపోతే ఇదిగో, ఇట్లా ఉంది. ఏది సరో నాకు తేలలేదు. ఆ పిల్లలు వింటారనే ఆవిడ నోరు విప్పలేదు. నేను విప్పనిది ఎవరి కోసం? నాకోసమే.

సాంబయ్యకి నేను చెప్పలేను. మార్తమ్మ గారు లేరు. ఇన్‌స్పెక్టరు గారు, కరస్పాండెంటు గారు కూడా పోయి ఉంటారు. మిగిలింది మీరొక్కరే. ఆ ఇన్‌స్పెక్టరు గారి కుర్చీలో మీరే కూర్చున్నారనుకుని, ఆ రోజు బోర్డు వైపు తిరిగి తుడుస్తున్న లెక్క వదిలేసి, ఇటు తిరిగి నిలబడుతున్నాను. చెప్పాల్సింది నేనేనండీ. ఆవిడ అన్నది నిజం.

సార్, నా గదిలో లేచి చక్కగా చెబుతున్న ఈ పిల్లలు మార్తమ్మ గారి పిల్లలు. తడిక అవతల తలలు దించుకుని కూర్చున్నవాళ్ళు, వాళ్ళు నా పిల్లలండీ.